తప్పుముద్రతో నాచారం కాపురానికి

ఇండియా వెళ్లొచ్చానంటే మా ఊళ్లో అందరూ ముందు అడిగేది తిరుపతి లడ్డూ. ఈసారి నా సంచిలో లడ్డూ లేదు. నేను వెళ్లింది హైదరాబాదు తూర్పు కొసన ఉన్న నాచారానికి, మేనకోడలిని కాపురంలో దింపి రావడానికి. అక్కడ చూడదగ్గవి ఏమున్నాయని అడిగితే చెప్పడం కష్టం. ఫ్యాక్టరీలు, మెట్రో స్టేషను, కాస్త దూరంలో ఒక కొండగుడి. ఇవన్నీ కలిపి చూసిన దానికంటే ఒక ప్రభుత్వ కార్యాలయంలో బెంచీ మీద కూర్చుని చూసిందే ఎక్కువ. అది కూడా చెబుతాను.

మాది మలేసియా. పేరాక్ రాష్ట్రంలో సముద్రానికి దగ్గరగా, కొబ్బరితోటల మధ్య ఊరు. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి తోటపనికి వచ్చినవాళ్లు. నేను ఊరి పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. హేమ మా అన్నయ్య కూతురు. ఈపోలో చేతి తొడుగుల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తూ, అక్కడే మెషిన్లు బాగుచేసే శ్రావణ్‌ను ఇష్టపడింది. అల్లుడు మలేసియాలోనే ఉంటాడన్న నమ్మకంతో అన్నయ్య ఒప్పుకున్న పెళ్లి అది. పెళ్లయిన కొన్నాళ్లకే శ్రావణ్ తండ్రికి పక్షవాతం వచ్చింది. కొడుకు ఉద్యోగం వదిలేసి నాచారం వెళ్లిపోయాడు. హేమ మధ్యలో ఒకసారి టూరిస్టుగా వెళ్లి మామగారిని చూసొచ్చింది. ఆ తర్వాత, భారతీయుడి భార్యగా అక్కడే ఉండటానికిచ్చే వీసాకు దరఖాస్తు పెట్టుకుని ఏడాది పాటు ఎదురుచూసింది.

వీసా వచ్చిందని తెలిశాక అన్నయ్య నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వూ వెళ్లు. ఇల్లు చూడు, మనుషుల్ని చూడు. బాగాలేకపోతే నీతోపాటే దాన్ని తీసుకొచ్చెయ్" అన్నాడు. సరేనన్నాను. హేమకు మాత్రం అత్త సరదాగా తోడొస్తోందనే తెలుసు.

నల్లా వచ్చింది

విమానాశ్రయం నుంచి నాచారం వెళ్లేసరికి పొద్దెక్కింది. కారు ఉప్పల్ దాటి పారిశ్రామికవాడ రోడ్డెక్కగానే ఒక చోట బిస్కెట్ల వాసన, ఇంకాస్త ముందుకెళ్తే వేయించిన ధనియాల వాసన, మలుపు తిరిగాక కరిగిన ప్లాస్టిక్కు వాసన. శ్రావణ్ మూడోది తన ఫ్యాక్టరీదని చెప్పాడు. సీసాలకు మూతలు చేస్తారట.

ఇల్లు మొదటి అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. శ్రావణ్ తల్లి యాదమ్మ గుమ్మంలోనే మా మీద నుంచి దిష్టి తీసింది. తండ్రి నర్సింహగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, ఎడమచెయ్యి ఎత్తి ఏదో అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వి దండం పెట్టాను.

మర్నాడు తెల్లవారుతూనే యాదమ్మ కేక పెట్టింది. "నల్లా వచ్చింది! వదినే, నల్లా వచ్చింది, లెవ్వున్రి!"

నల్లగా ఏదో వచ్చిందని గాభరాపడి మంచం మీదే నిలబడ్డాను. పిల్లో, తేలో, దొంగో తెలియదు. హేమ పడీపడీ నవ్వి చెప్పింది: ఇక్కడ కుళాయిని నల్లా అంటారు. రోజు విడిచి రోజు మంచినీళ్లు వదులుతారు, ఆ కాసేపట్లో ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే నిండాలి. మా ఊళ్లో కుళాయి తిప్పితే ఎప్పుడూ నీళ్లే. ఇక్కడ మొదటి అంతస్తు వాళ్లు, కింది వాళ్లు, పక్కింటి వాళ్లు అందరూ నీళ్ల దగ్గర కలుస్తారు. ఊరి కబుర్లన్నీ అక్కడే తెలుస్తాయి. రెండోసారి నల్లా వచ్చినప్పుడు నేనే ముందు లేచాను.

యాదమ్మది జనగామ వైపు ఊరు. మా తెలుగు వినడమంటే ఆమెకు భలే సరదా. త్వరగా రమ్మనడానికి నేను "బేగి రండి" అంటే, "ఏందీ, బ్యాగా?" అని చూసింది. సొరకాయను "ఆనపకాయ" అన్నప్పుడు మాత్రం చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "అగో, మేం గూడ ఆనిగెపుకాయనే అంటం. మీరు మనోళ్లే" అంది. ఆ రోజు ఆ కూరే వండింది. పక్కన జొన్నరొట్టె, పచ్చిపులుసు. చింతపండు రసం కాచకుండా అలాగే పిసికి ఉల్లిపాయ వేస్తే ఇంత బాగుంటుందని ఈ వయసులో తెలిసింది.

పాస్‌పోర్టు తెరిచి చూస్తే

దీర్ఘకాల వీసా మీద వచ్చిన విదేశీయులు రెండు వారాల్లోగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. మూడోనాడు భోజనాలయ్యాక హేమ ఫోన్‌లో ఆ పని మొదలుపెట్టింది. పాస్‌పోర్టు పేజీని ఫొటో తీయబోతూ ఆగిపోయింది.

"అత్తా, నీ పాస్‌పోర్టు తే."

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. దిగిన రోజు వేసిన ముద్రలు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. నాకు టూరిస్టు, ముప్పై రోజులు. హేమకూ టూరిస్టు, ముప్పై రోజులు. అసలు వీసా అంటించిన పేజీ పాస్‌పోర్టులో ఇంకాస్త వెనక తాజాగా మెరుస్తోంది. విమానాశ్రయం కౌంటర్లో అతను అక్కడిదాకా తిప్పనే లేదు. హేమ పాత టూరిస్టు వీసా గడువు ఇంకా మిగిలే ఉంది. కంప్యూటర్లో అది కనబడగానే దాని కిందే లోపలికి పంపేశాడన్నమాట.

"ఏమైతది?" అని యాదమ్మ అడిగింది.

"ముప్పై రోజుల్లో వెళ్లిపోవాలి అత్తయ్యా. కాగితాల ప్రకారం నేను ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చాను."

శ్రావణ్ ఫ్యాక్టరీ నుంచి రాగానే ఫోన్‌లోనే సంజాయిషీ రాసి పంపారు. మర్నాడు, పాస్‌పోర్టులో ముద్రకూ వీసాకూ పొంతన లేదు కాబట్టి నమోదు కుదరదని జవాబొచ్చింది. పొంతన లేదనే కదా మేమూ రాసింది!

ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. "మంచిదే అయింది. దేవుడే దారి చూపించాడు. నీతో వచ్చెయ్యమను. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉత్సాహం ఉంది. అదే నాకు కష్టమనిపించింది.

ఉప్పల్‌లో రైలెక్కి

విదేశీయుల కార్యాలయం నగరానికి అవతలి కొసన ఉంది. శ్రావణ్ సెలవు పెట్టాడు. ముగ్గురం ఆటోలో ఉప్పల్ వెళ్లాం. చౌరస్తా మీద గాల్లో గుండ్రంగా నడకవంతెన కట్టారు, దాని కింద వరంగల్ బస్సులు, హనుమకొండ బస్సులు. ఎవరు ఏ బస్సు కోసం వచ్చారో కండక్టర్లకు మొహం చూస్తేనే తెలిసిపోతుందేమో, నన్ను ఒక్కరూ పిలవలేదు. వంతెన ఎక్కి దిగి, ఇరవై రూపాయలకు చాయ్ తాగాం. మా డబ్బుల్లో ఒక రింగిట్. కప్పు మాత్రం బొమ్మల పెళ్లికి పనికొచ్చేంత.

మెట్రోలో నా నిర్వాకం చెప్పాలి. రైలు రాగానే కౌలాలంపూర్ అలవాటు కొద్దీ గబగబా ఎక్కేశాను. తలుపులు మూసుకున్నాక చూస్తే, హేమా శ్రావణూ ప్లాట్‌ఫాం మీదే ఉండి చేతులూపుతున్నారు. అది ఎదురు దిక్కు రైలు. పక్క సీట్లో ప్రెషర్ కుక్కర్ ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ నా మొహం చూసి, "ఎటు పోవాలె అమ్మా?" అంది. చెప్పాను.

"ఫికర్ చెయ్యకున్రి. ఇగ ఒక్కటే స్టేషను, నాగోలు. ఆడ దిగి మల్ల ఎక్కున్రి. ఏ ఊరు మీది?"

"మలేసియా."

"మా అల్లుడు దుబాయ్‌ల ఉంటడు. మలేసియా ఎరుకే నాకు." నన్ను ఎగాదిగా చూసింది. "మాట మాత్రం పాత సిన్మాల ముసలమ్మల లెక్కున్నది."

కుక్కర్ చేతిపిడి ఊడిందట, నాగోలులో బాగుచేసేవాడు తక్కువ తీసుకుంటాడట. దిగాక నన్ను ఎదుటి ప్లాట్‌ఫాం దాకా తీసుకెళ్లి, రైలు ఎక్కించి మరీ వెళ్లింది. ఉప్పల్‌లో తలుపులు తెరుచుకోగానే హేమ లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడా వదల్లేదు.

బెంచీ మీద ప్రపంచం

కార్యాలయంలో హాలు నిండా మనుషులు. వైద్యానికి వచ్చిన ఇరాకీ కుటుంబం ఖర్జూరాలు పంచుకుంటోంది. మాకూ పెట్టారు. మా పక్కన తార్నాక వైపు చదువుకుంటున్న టాంజానియా అమ్మాయి కూర్చుంది. హేమ మొహం చూసి ఇంగ్లీషులో సంగతి అడిగి తెలుసుకుంది. తర్వాత నావైపు తిరిగి, "ఏం కాదు ఆంటీ. జర లేటయితది గంతే" అంది. నేను నోరు తెరిచాను. హబ్సిగూడలో అద్దెకుంటోందట, తెలుగు ఇంటావిడ దగ్గర నేర్చుకుందట. మా ఊళ్లో చైనా షావుకారు తెలుగులో బేరమాడితే మేం ఎలా మురిసిపోతామో అలా మురిసిపోయాను.

మా వంతు వచ్చింది. కౌంటర్లో కుర్రవాడు పాస్‌పోర్టు చూసి, "ఇది మా తాన కాదు. ముద్ర ఏసినోళ్లే దిద్దాలె" అన్నాడు. అక్కణ్నుంచి విమానాశ్రయానికి వెళ్లాం. అక్కడి కిటికీలో మనిషి, "కౌంటర్ దాటి బయటికెళ్లాక మా చేతిలో లేదు, ఆ కార్యాలయం వాళ్లే చూడాలి" అన్నాడు. మళ్లీ వెనక్కి వచ్చేసరికి హాలు తలుపులు వేసేశారు.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. లాలాపేట ఫ్లైఓవర్ ఎక్కాక శ్రావణ్, "తప్పు నాదే అత్తమ్మా. నేను ఆడనే ఉంటే గిదంత ఉండకపోవు" అన్నాడు. అతను అక్కడే ఉండిపోయి ఉంటే మా అన్నయ్య ఎంత సంతోషించేవాడో నాకు తెలుసు. ఇక్కడ కుర్చీలోంచి లేవలేని నర్సింహగారి పరిస్థితి ఏమయ్యేదో కూడా అప్పటికే తెలిసింది.

కీసర కొండ

సోమవారం యాదమ్మ, "దేవుని దగ్గరికి పోదాం పా" అని హేమనూ నన్నూ కీసర తీసుకెళ్లింది. కొండ మీద రామలింగేశ్వరుడు. గుడి చుట్టూ ఆరుబయట ఎక్కడ చూసినా శివలింగాలే, ఎండలో, వానలో, కోతుల మధ్య. మా ఊరి గుళ్లలో ఒక్కొక్క దేవుడికి ఒక గూడు కట్టి తలుపేస్తాం. ఇక్కడ దేవుళ్లే మనుషుల్లా బయట తిరుగుతున్నట్టుంది.

కోతి నా కళ్లద్దాలు లాక్కుపోయింది. ఉన్నట్టుండి కొండంతా మసకైంది. యాదమ్మ కంగారుపడలేదు. పులిహోర పొట్లం విప్పి గట్టు మీద పెట్టి, "ఇగో, ఇది నీకు. అది మాకియ్యి" అని కోతితో పద్ధతిగా మాట్లాడింది. బేరం కుదిరింది. అద్దం మీద ఒక గీతతో బయటపడ్డాను.

యాదమ్మ ప్రదక్షిణలకు వెళ్లింది. మెట్ల మీద హేమా నేనూ మిగిలాం. అప్పుడు అడిగాను.

"పోనీ, నాతో రాకూడదూ? బయటికెళ్లి సరైన వీసా చూపించి మళ్లీ లోపలికొస్తే చాలు కదా. వారం పని."

"వెళ్తే మళ్లీ రానివ్వరు అత్తా."

"ఎందుకు రానివ్వరు? వీసా ఉందిగా."

"ప్రభుత్వం సంగతి కాదు. నాన్న సంగతి చెబుతున్నా." నావైపు తిరిగింది. "నిన్ను ఎందుకు పంపాడో నాకు తెలీదనుకున్నావా?"

కింద పొలాల్లో ఎవరో ట్రాక్టరు తిప్పుతున్నారు. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"కష్టంగా లేదా నీకు?" అన్నాను చివరికి. "నీళ్లు పట్టుకోవడం, ఈ దుమ్ము, ఆ రెండు గదులు."

"ఉంది. మొన్న రాత్రి స్నానాలగదిలో ఏడ్చాను కూడా. అమ్మ నూరి చేసే సంబల్ కారం గుర్తొచ్చి." నవ్వింది. "అయినా వెళ్లను. ఏడాదిపాటు మా ఆయన్ని ఫోన్‌లో చూశాను. ఇంక చాలు."

యాదమ్మ ప్రసాదం పట్టుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసినప్పుడు, "దానికి రావాలని లేదు. ముద్ర దిద్దించే ప్రయత్నంలో ఉన్నాం. నేనూ సాయం చేస్తున్నాను" అని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత రెండు సాయంత్రాలు చెయ్యలేదు.

ఆ రెండు రోజులూ వరండాలో కూర్చుని ఇంటిని చూశాను. హేమ మామగారితో అష్టాచెమ్మా ఆడుతుంది. ఆయన ఎడమచేత్తో గవ్వలు వెయ్యాలి. గవ్వలు కింద పడితే హేమ ఏరి ఇవ్వదు. "మీరే తియ్యండి మామయ్యా" అని ఎదురుచూస్తుంది. ఆయన గొణుగుతూ వంగి తీస్తారు. ఆ గొణుగుడు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. హేమ మాత్రం, "నేను తొండి ఆడలేదు" అని జవాబిస్తుంది.

మళ్లీ ఆ హాలు

రెండోసారి వెళ్లే రోజున నర్సింహగారు చొక్కా వేసుకుని కూర్చున్నారు. "నేనూ వస్తనంటుండు. ఆగుతలేడు" అంది యాదమ్మ. కారు మాట్లాడుకుని అందరం వెళ్లాం.

ఈసారి కౌంటర్ దగ్గర ఆగకుండా, పెద్ద అధికారిని కలవాలని హేమ పట్టుబట్టింది. చాలాసేపటికి లోపలికి పిలిచారు. ఆమె నడివయసు మనిషి, చదువుకునే కళ్లద్దాలు ముక్కు చివర. పాస్‌పోర్టు పేజీలన్నీ ఓపికగా తిప్పింది.

"పొరపాటు జరిగింది, కనబడుతనే ఉంది. కానీ దిద్దాలంటే నేను పైకి రాయాలె, విమానాశ్రయం వాళ్లు ఒప్పుకోవాలె. మీకు తేలిక దారి చెప్పనా? ఒకసారి మీ దేశం పోయి రండి. ఈ వీసా చూపించి లోపలికి వస్తే అయిపోతది."

"వెళ్లను మేడమ్" అంది హేమ.

ఆమె తలెత్తింది. "ఎందుకమ్మా? మంచికే చెప్తున్న."

"నేను సరైన వీసాతోనే వచ్చాను. మా ఇంటికి వచ్చాను. తప్పు నాది కానప్పుడు నేనెందుకు వెళ్లి రావాలి?"

మా హేమ గొంతు పెంచలేదు గాని చెంపలు ఎర్రబడ్డాయి. పని చెడిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే గోడవారగా కుర్చీలో ఉన్న నర్సింహగారు చెయ్యెత్తి ఏదో గట్టిగా అన్నారు.

"ఏమంటున్నరు?" అని అధికారి శ్రావణ్‌ను అడిగింది. కొడుకు తండ్రి వైపు చూశాడు, అర్థంకాక భార్య వైపు చూశాడు.

హేమ కాస్త సిగ్గుపడింది. "ఇంత పెద్ద ఆఫీసులో తాగడానికి నీళ్లు లేవా అంటున్నారు మేడమ్."

నర్సింహగారు అవునన్నట్టు తలూపారు. అధికారి ముందు ఆయన్ని చూసింది, తర్వాత హేమను. ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది. బెల్లు కొట్టి నీళ్లు తెప్పించింది. గ్లాసు హేమే పట్టుకుంది. ఆయన తాగినంతసేపూ గడ్డం కింద చెయ్యి పెట్టి నిలబడింది.

"టూరిస్టట!" అంది అధికారి, తనలో తాను అనుకున్నట్టు. కళ్లద్దాలు పైకి జరుపుకుని ఫోన్ తీసింది. విమానాశ్రయంలో ఎవరితోనో హిందీలో చాలాసేపు వాదించింది. నాకు అర్థమైంది గొంతు మాత్రమే. ఉద్యోగంలో ఉండగా మా స్కూలు కప్పు కారితే పంచాయతీ వాళ్లతో నేను మాట్లాడిన గొంతు అది.

రెండు రోజుల తర్వాత రమ్మని ఫోనొచ్చింది. వెళ్లాం. తప్పు ముద్ర మీద అడ్డంగా గీత, పక్కన సరైన వీసా రకం, కింద సంతకం, గుండ్రటి సీలు. చూడటానికి పిల్లల కాపీపుస్తకంలో నేను దిద్దిన తప్పులాగే ఉంది. పేరు నమోదు కూడా ఆ వారంలోనే అయిపోయింది.

ఏఎస్ రావు నగర్

చివరి సాయంత్రం యాదమ్మ నన్ను ఏఎస్ రావు నగర్ బజారుకు తీసుకెళ్లింది. కోచింగ్ సెంటర్ల నుంచి వదిలిన పిల్లలు, చీరల దుకాణాలు, మిర్చిబజ్జీ బండ్లు. నాకు ఒక చీర కొనిపెడతానని కూర్చుంది. నేను వద్దన్నకొద్దీ దుకాణదారు కొత్తవి విప్పుతున్నాడు. చివరికి ఆవపువ్వు రంగుది ఒకటి తీసుకున్నాను. బదులుగా నేను ఆమెకు కొనబోతే, "నువ్వు బిడ్డనిచ్చినవ్ వదినే. ఇంకేం ఇస్తవ్?" అంది. రోడ్డు మీద అంత జనంలో కళ్లు తుడుచుకోవడం నాకు చేతకాలేదు. బజ్జీ కారంగా ఉందని చెప్పాను.

ఆ రాత్రి వంట హేమ చేసింది. కొబ్బరిపాలతో అన్నం, సంబల్, వేయించిన నెత్తళ్ల చేపలు. యాదమ్మ ఒక ముద్ద తిని, "బగారన్నంల తియ్యటి పాలు పోసినట్టున్నది" అని తేల్చేసింది. నర్సింహగారు మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు.

ఇంటికొచ్చాక

అన్నయ్య విమానాశ్రయానికి రాలేదు. మర్నాడు పొద్దున మోటారుసైకిల్ మీద మా ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కాఫీ ఇచ్చాను. ఏమీ అడగలేదు గనుక నేనే మొదలుపెట్టాను. కోతి సంగతీ, కుక్కర్ ఆవిడ సంగతీ, ఆఫీసులో నీళ్ల సంగతీ చెప్పాను. నీళ్ల సంగతి రాగానే కప్పు కింద పెట్టి, "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

"మామగారికి అంత చేస్తోందా?"

"చేస్తోంది. ఆయన చేత చేయిస్తోంది కూడా."

"అతనో?"

"ఫ్యాక్టరీ నుంచి వచ్చి గిన్నెలు తోముతాడు. నా కళ్లతో చూశాను."

మిగిలిన కాఫీ తాగేశాడు. మా అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక ఈ దేశం దాటింది లేదు. లేచి మోటారుసైకిల్ దగ్గరికి వెళ్లాడు, హెల్మెట్ చేతిలో పట్టుకుని మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పాస్‌పోర్టు తీసుకోవాలంటే ఎక్కడికెళ్లాలి?"

"పట్నానికి. రేపే తీసుకెళ్తాను."

"రేపొద్దు" అన్నాడు తల నిమురుకుంటూ. "ఫొటో తీస్తారు కదా. క్షవరం చేయించుకుని, ఎల్లుండి వస్తాను."